హబ్బు చల్లారేదాకా రెండు కీర్తనలు

మా పెద్దమ్మ దగ్గర ఒక పడవ ఉండేది. ఏడాదిలో పది నెలలు అది ఉయ్యూరులో వాళ్ళ వాకిట్లో వేపచెట్టు కింద, నేలమీదే ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూసి, "మీ ఊరికి అంత వరదొస్తుందాండీ?" అని కంగారుగా అడిగేవాళ్ళు. "వస్తే ముందు మిమ్మల్నే ఎక్కిస్తాం, కాఫీ తాగండి" అనేవాణ్ణి.

పెద్దమ్మ నర్సు. మిషను ఆసుపత్రిలో చాలాకాలం పనిచేసి, మానేసి, ఇంటి ముందుగదిలో పురుళ్ళు పోయడం మొదలుపెట్టింది. ఊరంతా డాక్టరమ్మ అనేది. "నేను డాక్టర్ని కాదయ్యా" అని ఆవిడ అంటే, "అలాగే డాక్టరమ్మగారూ" అని వెళ్ళిపోయేవాళ్ళు. మా ఊరికి ఆరు మైళ్ళ దూరంలో కరకట్ట, కట్ట దిగితే కృష్ణ, కృష్ణ మధ్యలో లంకలు. ఎండాకాలంలో లంకకి ఇసకలో నడిచి వెళ్ళిపోవచ్చు. వానాకాలం నది పెరిగిందంటే కట్టకీ లంకకీ మధ్య పాయ నిండిపోతుంది. రేవు పడవవాడు పడవని ఒడ్డుకి లాగి బోర్లించి ఇంటికి పోతాడు. పురుళ్ళు మాత్రం రేవుని చూసి రావు. అందుకని పెద్దమ్మ సొంతంగా పడవ చేయించుకుంది.

మొదటి పడవని రేవులో కట్టి ఉంచితే వరద తీసుకుపోయింది. రెండోదాన్ని అవతలి ఒడ్డువాళ్ళు తీసుకుపోయారు. వరద నయం, తీసుకుపోయే ముందు రెండు రోజులు చప్పుడు చేసింది. మూడోదాన్ని ఇక ఇంటి దగ్గరే పెట్టుకుని, కబురొచ్చినప్పుడల్లా జీపుకి తగిలించి రేవుకి లాక్కెళ్ళాలని తీర్మానం జరిగింది. దానికోసం బెజవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ పాత జీపు ఇరుసు, రెండు చక్రాలు తీసుకుని ట్రైలరు ఒకటి కట్టి ఇచ్చాడు. లాగేది మిలిటరీవాళ్ళు వదిలేసిన డిస్పోజల్ జీపు. అది ఏ యుద్ధానికి వెళ్ళొచ్చిందో తెలీదు గాని, ఓడిపోయిన పక్షాన ఉందని మాత్రం స్టార్టు చేసిన ప్రతిసారీ తెలిసేది.

ఆ జీపు తోలేదీ, ఆ ట్రైలరు చూసుకునేదీ నేను. డిప్లొమాలో రెండు పేపర్ల విషయంలో పరీక్షలవాళ్ళకీ నాకూ అభిప్రాయభేదం వచ్చి, అది తేలేదాకా పెద్దమ్మగారింట్లో ఉంటున్నాను. ఇది నాలుగైదేళ్ళ కిందటి మాట. అభిప్రాయభేదం ఒక పేపరు మేర ఇప్పటికీ ఉంది.

ట్రైలరు అప్పజెప్పేటప్పుడు మేస్త్రీ నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. చక్రం మధ్యలో గిన్నెలా ఉండే ఇనప ముద్ద హబ్బు. దాని లోపల రెండు బేరింగులు, వాటి నిండా గ్రీజు. వెనకనుంచి నీళ్ళు రాకుండా రబ్బరు సీలు, ముందునుంచి దుమ్ము రాకుండా ఇనప మూత. కాలేజీలో మూడేళ్ళు నాకు అర్థంకానిది ఆయన పది నిమిషాల్లో చెప్పేశాడు. బహుశా కాలేజీలో బోర్డు మీద బొమ్మ గీసేవాళ్ళు, ఈయన నా అరచేతిలో పెట్టాడు.

"గ్రీజు పైన పూస్తే అది బొట్టు. లోపలికి ఎక్కితేనే గ్రీజు. అరచేతిలో ముద్ద పెట్టుకుని బేరింగుని అంచుతో నొక్కుతా ఉండు. అవతల పక్కనుంచి బయటికి తొంగి చూసేదాకా నొక్కాల. నట్టు గట్టిగా బిగించి, చక్రం తిప్పి, మళ్ళా కాస్త వదులు చెయ్యి. బండి బయల్దేరాక నాలుగు మైళ్ళకో చోట ఆపి హబ్బు మీద చెయ్యి పెట్టు. వెచ్చగుంటే పర్లేదు. చెయ్యి తీసేసుకున్నావంటే అక్కడితో ఆగిపో."

"సరే."

"అసల్ది వినలేదు నువ్వు. రేవుకెళ్ళగానే వేడిమీదున్న హబ్బుని నీళ్ళలో దించబాక. గబుక్కున చల్లబడి నీళ్ళు లోపలికి పీల్చేస్తది, నువ్వు సోడా పీల్చినట్టు. గ్రీజు మజ్జిగైపోద్ది."

"ఎంతసేపు ఆగాలి?"

"రెండు బీడీలు."

పక్కనే ఉన్న పెద్దమ్మ ముఖం చూసి మేస్త్రీ తడబడ్డాడు. "అంటే, మీ ఇళ్ళల్లో బీడీలు కుదరవు కదండీ... ఏదోటి, అంతసేపు."

పెద్దమ్మ ఆలోచించి, రెండు కీర్తనలని నిర్ణయించింది, అన్ని చరణాలతో. అప్పటినుంచీ రేవులో జీపు ఆగగానే ఆవిడ మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఒడ్డున కూర్చుని రెండు కీర్తనలు పాడేది. రెండోది అయ్యేసరికి నేను హబ్బు ముట్టుకునేవాణ్ణి, చల్లగా ఉండేది. మొదట్లో రేవులో జనం తలగుడ్డలు తీసి చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, "బాబూ, ఈ పడవకి ప్రతిసారీ బాప్తిస్మం ఇస్తారా?" అని అడిగాడు. "పడవకి కాదండీ, చక్రాలకి" అన్నాను. ఆయన తృప్తిగా తలూపాడు.

ఇంట్లో ఈ శాస్త్రాన్ని నమ్మనివాడు ఒక్కడే, పెదనాన్న. ఆయన చెరుకు రైతు. రెండెడ్ల బండి ఒకటి ఉంది. ఆ బండి ఇరుసుకి ఆయన స్వయంగా కందెన తయారుచేసేవాడు: వరిగడ్డి తగలబెట్టి, ఆ మసిని ఆముదంలో రంగరించి, వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవాడు. ఆ గొట్టాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"మా నాన్న బండి ముప్ఫై ఏళ్ళు తిరిగిందిరా. ఏ బేరింగుంది దానికి? ఏ డబ్బా గ్రీజు పూశాం?"

"ఆ బండి గంటకి రెండు మైళ్ళు పోతుంది పెదనాన్నా. ఆ వేగానికి నెయ్యి రాసినా సరిపోతుంది."

"నెయ్యి ఇరుసుకెందుకురా, తినడానికి నువ్వున్నావుగా."

ఇలా వారానికి రెండుసార్లు జరిగేది. పెద్దమ్మ రోగుల్ని చూసుకుంటూనే, "ఇద్దర్లో ఎవరైనా ఆ పడవ అడుగున నీళ్ళు దిగకుండా కీలు రాయండి" అనేది. ఇద్దరం మాయమయ్యేవాళ్ళం.

ఆ ఏడు ఎండాకాలంలో లంకనుంచి ఒక అమ్మాయి ఇసకలో నడిచి వచ్చింది. అంతకుముందు రెండు కాన్పులూ వరదల్లోనే. రెండుసార్లూ ఇవతలి ఒడ్డునుంచి ఎవరూ దాటి రాలేకపోయారు. రెండుసార్లూ బిడ్డ దక్కలేదు. ఆ అమ్మాయి బల్లమీద కూర్చుని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "మళ్ళా వానల్లోనే అమ్మగారూ" అంది. మా పెద్దమ్మ మాటలివ్వడంలో పరమ పిసినారి. నాకు జ్వరమొస్తే కూడా తగ్గుతుందని చెప్పేది కాదు, చూద్దాం అనేది. అలాంటిది ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, "ఈసారి నేను నీ పక్కనుంటాను" అంది. ఆ అమ్మాయి వెళ్ళాక నావైపు తిరిగింది.

"ఆగస్టుకి ఆ చక్రాలు తిరగాలి."

"తిరుగుతాయి పెద్దమ్మా. గుండ్రంగా చేయించాంగా."

ఆవిడ నవ్వలేదు. అది గమనించి ఉండాల్సింది.

జూన్ చివర ఒక శనివారం చక్రాలు విప్పాను. బేరింగులన్నీ కిరసనాయిలుతో కడిగి, పళ్ళెంలో ఆరబెట్టాను. కుడి చక్రం మేస్త్రీ చెప్పినట్టే పూర్తిచేశాను. ఎడమదానికి వచ్చేసరికి గ్రీజు డబ్బా అడుగంటింది. బేరింగులు పొడిగానే హబ్బులో పెట్టి, దుమ్ము పడకుండా మూత ఊరికే ఆనించి, గ్రీజు తేవడానికి బెజవాడ బస్సెక్కాను. గవర్నర్‌పేటలో డబ్బా కొనడానికి పది నిమిషాలు పట్టింది. మ్యాట్నీకి మూడు గంటలు పట్టింది. సినిమాలో హీరో తల్లికిచ్చిన మాట కోసం రైలుకి ఎదురెళ్ళాడు. నేను వేరుశనక్కాయలు తింటూ, ఆయన ఒకరోజు ముందు బయల్దేరితే రైలెక్కే వెళ్ళొచ్చు కదా అనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి ఎడమ చక్రం మూత బిగించేసి ఉంది. సుత్తితో కొట్టి, గుడ్డతో తుడిచి, తళతళలాడుతోంది. పక్కన పెదనాన్న, పెళ్ళిపీటల మీద ఉన్నంత సంబరంగా.

"ఆ పని అయిపోయిందిరా. నేను చూసుకున్నా."

డబ్బా అడుగున మిగిలింది గోకి పెట్టాడనుకున్నాను. అనుకున్నాననడం కూడా గొప్ప చెప్పుకోవడమే. మూత తీస్తే మళ్ళీ చేతులు మురికవుతాయి, అప్పటికి స్నానం చేసేశాను, సినిమా కథ చెప్పాల్సి ఉంది. కొత్త డబ్బా అటక మీద పెట్టాను. రాత్రి భోజనాల దగ్గర పెద్దమ్మ అడిగింది.

"రెండు చక్రాలూ అయ్యాయా?"

"అయ్యాయి."

పెదనాన్న పప్పులోకి చూసి నవ్వుకున్నాడు. జూలైలో కబుర్లేమీ రాలేదు, ట్రైలరు కదల్లేదు.

ఆగస్టులో ఒక పొద్దున, వాన ఆగి ఆగి పడుతుండగా, ఆ అమ్మాయి మొగుడు మా గుమ్మంలోకి వచ్చాడు. నిలువునా తడిసి ఉన్నాడు. చేతిలో అరటి బోదె. దాన్ని పట్టుకునే పాయ ఈదుకొచ్చాడట, ఆ కంగారులో దాన్ని అక్కడ వదిలెయ్యడం మర్చిపోయి ఆరు మైళ్ళూ మోసుకొచ్చాడు.

"నొప్పులు మొదలైనయ్ అమ్మగారూ. రేవు మూసేశారు."

పెద్దమ్మ అప్పటికే పెట్టె తీసింది. "ఎప్పుడు మొదలయ్యాయి?"

"తెల్లారుజామున."

"టైముంది. జీపు తియ్యరా."

జీపుకి ట్రైలరు తగిలించాం. ముందు నేనూ పెద్దమ్మా, వెనక బోదెతో అతనూ, పిలవకపోయినా పెదనాన్నా. జీపు మూడోసారికే స్టార్టయింది. శుభశకునం అనుకున్నాను.

నాలుగు మైళ్ళు వచ్చాక, తూము దగ్గర, "ఆపు" అంది పెద్దమ్మ.

"ఇప్పుడెందుకు పెద్దమ్మా, టైము..."

"నాలుగు మైళ్ళకి ఆపమన్నాడు మేస్త్రీ. ఆపు."

దిగి కుడి హబ్బు మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉంది. అటు తిరిగి ఎడమదాని మీద పెట్టాను. పెట్టాననుకున్నాను గాని, పెట్టకముందే చెయ్యి దానంతటదే వెనక్కొచ్చేసింది. చక్రం పక్కకి వాలినట్టుంది. సన్నగా పొగ. ఆ పొగలో ఒక వాసన, ఎక్కడో బాగా తెలిసిన వాసన. మాడిన ఆముదం.

గుడ్డ చుట్టుకుని మూత ఊడదీశాను. లోపల నల్లగా, కాటుకలాగా ముద్ద. ఆముదం పల్చబడి కారిపోయింది, మసి మిగిలింది. రెండువేళ్ళ మధ్య పెట్టి నలిపితే ఇసకలా కరకరలాడింది. బండి ఇరుసు చుట్టూ అది హాయిగా సర్దుకుంటుంది. బేరింగులోకి వెళ్ళి మాత్రం ఆకురాయిలా అరగదీసింది. ఇంకో మైలు పోతే చక్రం ఊడి మాకంటే ముందే రేవుకి చేరేది.

పెద్దమ్మ జీపు దిగి వచ్చి హబ్బులోకి చూసింది.

"ఎవరు?"

"నేనే" అన్నాను.

"నేనే" అన్నాడు పెదనాన్న, అదే క్షణంలో.

"కందెన పోసింది నేను. వీడు ఊళ్ళో లేడు" అన్నాడాయన.

"మూత తియ్యకుండా అయ్యిందని చెప్పింది నేను."

పెద్దమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "సాక్ష్యాలు ఆదివారం గుళ్ళో చెప్పుకోండి. పడవ రేవుకెలా వెళ్తుందో అది చెప్పండి ముందు."

ఆ మొగుడు బోదెని ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు. బహుశా పెద్దమ్మని దానిమీద దాటించడం గురించి ఆలోచిస్తున్నాడు. అప్పటికి నా దగ్గర ఒక్క జోకు కూడా లేదు. జీపు మీదికి ఎక్కిద్దామంటే టాపు గుడ్డది. మోసుకెళ్దామంటే కీలు పట్టిన చెక్క పడవ, ఉన్నది నలుగురం, రెండు మైళ్ళు.

అప్పుడు మలుపులో ఎడ్లబండి ఒకటి కనిపించింది, పచ్చగడ్డి మోపులేసుకుని, గంటకి రెండు మైళ్ళ వేగంతో. పెదనాన్న రోడ్డు మధ్యకి వెళ్ళి చేతులు చాపి నిలబడ్డాడు. నిలబడకపోయినా ఆ బండి ఆగడానికి పెద్ద తేడా ఏమీ లేదు.

"అల్లుడూ, బండి తిప్పు. పడవెక్కించాలి." ఆ చుట్టుపక్కల సగం మంది ఆయనకి అల్లుళ్ళే.

"పడవా? బండి మీదా?" బండివాడు మా వంక అనుమానంగా చూశాడు. "మీరేమో మోటారోళ్ళు, నా బండెందుకు మావా?"

"మోటారుకి విరేచనాలయ్యాయిలే. పట్టు."

గడ్డి మోపులు పరిచి, వాటి మీద పడవని ఎక్కించి, నులక తాళ్ళతో కట్టాం. ట్రైలరుని తూము పక్కన వదిలేశాం. పెదనాన్న వంగి, బండి కింద వేలాడే కందెన గొట్టం తీసి, రెండు చక్రాల దగ్గరా ఇరుసు మీద ధారగా పోశాడు. అలా బయల్దేరాం: ముందు ఎడ్ల ముక్కుతాడు పట్టుకుని దాదాపు పరిగెత్తుతున్న ఆ మొగుడు, వెనక బండి, బండి మీద పడవ, పక్కన ఊరేగింపు నడిపిస్తున్నట్టు పెదనాన్న, ఆ వెనక ఫస్టు గేరులో మూలుగుతూ యుద్ధాలు చూసిన జీపు. కట్టమీద ఎదురైన ఒకాయన సైకిలు దిగి నిలబడి, అందరం దాటిపోయేదాకా చూశాడు. అడగడం ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలిసి ఉండదు.

పెద్దమ్మ జీపులో నా పక్కన కూర్చుని వాచీ చూసుకుంటోంది. "నువ్వు మూత ఎందుకు తియ్యలేదు?" అంది, కోపం లేకుండా. అదే ఇబ్బంది.

"స్నానం చేసేశాను పెద్దమ్మా."

ఆవిడ తలూపింది. ఇలాంటి కారణాలు ఆవిడ ఆ పురుళ్ళ గదిలో చాలా విని ఉంటుంది. నేను రోడ్డు చూశాను. రెండు మైళ్ళ రోడ్డు అంత పొడుగుంటుందని అంతకుముందు తెలీదు.

బండి రేవులోకి దిగింది. ఎడ్లు మోకాళ్ళలోతు నీళ్ళలోకి వెళ్ళాక తాళ్ళు విప్పాం. చల్లారడానికి హబ్బు లేదు, ఆగాల్సిన పని లేదు. పడవ నీళ్ళలోకి జారింది. ఆ మొగుడు గెడ అందుకున్నాడు. పెద్దమ్మ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, కీర్తన మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, ఇవాళ హబ్బు లేదుగా" అన్నాను.

"ఇవి నాకోసంరా" అంది, చరణం మధ్యలో ఆగి. మళ్ళీ అందుకుంది. పడవ ఎర్రనీళ్ళలోకి పోయింది. గొంతు కాసేపు వినిపించింది, తరవాత వాన చప్పుడే.

మేం ముగ్గురం ఒడ్డున బండి కింద కూర్చున్నాం. బండివాడు కాసేపటికి గడ్డి మీద నిద్రపోయాడు. మధ్యాహ్నమైంది. పెదనాన్న నేలమీద పుల్లతో గీతలు గీస్తున్నాడు.

"మీ పెద్దమ్మకి ఆ పిల్ల బెంగ పట్టుకుందిరా. ఎండాకాలంనుంచీ రాత్రిళ్ళు లేచి కూర్చుంటంది. నువ్వేమో సినిమాకి పోయావు. నా చేతనైంది చేద్దామని..." పుల్ల విరిగింది. "మంచి కందెనరా అది. కొత్త ఆముదం."

సమాధానం నాలుక చివర ఉంది, బాగుంది కూడా. మింగేశాను. జీవితంలో నేను మింగిన మొదటి జోకు అది, అరగడానికి సాయంత్రం దాకా పట్టింది.

మూడు గంటలప్పుడు అవతలి ఒడ్డున మనిషి కనిపించాడు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరుస్తున్నాడు. గాలి మాటల్ని ముక్కలు చేస్తోంది. పెదనాన్న లేచి నీళ్ళలోకి నడిచాడు, నడుం దాకా.

"ఆడ... పిల్ల! ఇద్దరూ... బానే... ఉన్నారు!"

పెదనాన్న అలాగే నీళ్ళలో నిలబడ్డాడు. కాసేపటికి తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "వాన" అన్నాడు. వాన వెలిసి అప్పటికి అరగంటైంది. ఆ సంగతి ఆయనకి గుర్తు చెయ్యలేదు. నాకూ కాస్త వానగానే ఉంది.

సాయంత్రం పెద్దమ్మ తిరిగొచ్చింది, చీర మోకాళ్ళదాకా బురదతో. "ఏడుపు గట్టిగా ఉంది. ఊపిరితిత్తులు బాగున్నాయి" అంది. ఆవిడ భాషలో అది పండగ.

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "దేనిమీద వెళ్ళావో గుర్తుంచుకో. కందెన మీద."

"ఆగిపోయింది దేనిమీద?"

ఆయన ఎడ్లని తోలే పనిలో పడ్డాడు.

మేస్త్రీ ఆ హబ్బు విప్పి చూశాడు. పాడైన బేరింగుని గోడకి మేకు కొట్టి వేలాడదీశాడు, వచ్చినవాళ్ళకి చూపించడానికి. పెదనాన్న బెజవాడ వెళ్ళినప్పుడల్లా ఆ వీధి తప్పించుకుని చుట్టూ తిరిగి వస్తాడు.

ఇంట్లో ఒక చట్టం వచ్చింది: "అయ్యింది" అనే మాట చెల్లదు. వానాకాలం పొడుగునా ప్రతి శనివారం సాయంత్రం పెద్దమ్మ చివరి రోగిని పంపించేశాక, టార్చిలైటు తీసుకుని వేపచెట్టు కిందికి వస్తుంది. నేను రెండు మూతలూ తీసి పక్కకి జరుగుతాను. పురిటిగది బయట నిలబడ్డ మొగుళ్ళలాగా నేనూ పెదనాన్నా చేతులు నలుపుకుంటూ నిలబడతాం. ఆవిడ వంగి, ఒక్కో హబ్బులోకి, గొంతు నొప్పని వచ్చినవాడి నోట్లోకి చూసినట్టు చూస్తుంది. వేలు పెట్టి, తీసి, నలిపి చూసుకుంటుంది.

"ఊఁ. మూసెయ్" అంటుంది.

అప్పుడు మూస్తాను. స్నానం ఆ తరవాతే.